మాయ కిందికి ఉందంటే ఆపరేషనేనా? స్కాన్ రిపోర్టులో ఒక్క లైను వెనక సంగతులు

మా పిన్ని కూతురికి అయిదో నెల. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) చేయించుకుని, సెంటర్ మెట్లు దిగకుండానే ఫోన్ చేసింది. "అక్కా, మాయ కిందికి ఉందంట. ఇంక ఆపరేషనేనా?" వెనక నుంచి వాళ్ల అత్తగారి గొంతు: "బెడ్ రెస్ట్ రాశారో లేదో చూడమ్మా ముందు."

రిపోర్టు ఫొటో పంపమన్నాను. రెండు పేజీలు వచ్చాయి. బిడ్డ గుండె, వెన్నెముక, కిడ్నీలు, ఉమ్మనీరు అన్నీ బాగున్నాయని ఒకటిన్నర పేజీ ఉంది. చివర్లో ఒక లైను: ప్లాసెంటా పోస్టీరియర్, లో లైయింగ్, కింది అంచు ఇంటర్నల్ ఆస్‌కు 12 మిల్లీమీటర్ల దూరంలో, గ్రేడ్ 1. ఇంట్లో నలుగురూ చదివింది ఆ ఒక్క లైనే.

"మాయ ప్రాబ్లం" అని మనం అనేదాంట్లో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మాయ గర్భసంచిలో ఎక్కడ అంటుకుంది? ఎంత లోతుగా అంటుకుంది? బిడ్డకు చేరవేయాల్సింది సరిగ్గా చేరవేస్తోందా? ఒకదానికి జవాబు తేడాగా ఉంటే మిగతా రెండూ తేడాగా ఉన్నట్టు కాదు. లో లైయింగ్ అని రాసిన మాయ బిడ్డను బ్రహ్మాండంగా పెంచుతూ ఉండవచ్చు. పైన చక్కగా అంటుకున్న మాయ బీపీ వల్ల నీరసించిపోవచ్చు.

అరకిలో అవయవం, నిమిషానికి అరలీటరు రక్తం

డాక్టర్లు ప్లాసెంటా అంటారు, పుస్తకాల్లో జరాయువు అని ఉంటుంది, ఇళ్లలో మాయ లేదా మావి. పిండంతో పాటే మొలిచి, కాన్పుతో పాటే పని ముగించుకునే అవయవం ఇది. నెలలు నిండేసరికి సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పు, అరకిలో బరువు ఉంటుంది. ఒకవైపు గర్భసంచి గోడకు అంటుకుంటుంది, రెండోవైపు నుంచి బొడ్డుతాడు బిడ్డకు వెళ్తుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. మధ్యలో పల్చటి పొర ఉంటుంది. ఆక్సిజన్, ఆహారం ఇటు నుంచి అటు, వ్యర్థాలు అటు నుంచి ఇటు ఆ పొర దాటుతాయి.

ఈ వ్యాసంలో గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటుంది. చివరి నెలల్లో గర్భసంచికి నిమిషానికి సుమారు 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వస్తుంది. అంటే మనం రోజూ కొనే అరలీటరు పాల ప్యాకెట్ కంటే ఎక్కువ, నిమిషానికి. బిడ్డ పుట్టాక మాయ ఊడి వచ్చినప్పుడు ఆ రక్తనాళాల మూతులన్నీ తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. అడ్డదిడ్డంగా అల్లుకున్న కండర పోగులు బిగుసుకుని నాళాలను నొక్కేస్తాయి. ఈ కండరం పైభాగంలో మందంగా ఉంటుంది, కింది భాగంలో పల్చగా ఉంటుంది. మాయ కింద అంటుకుంటే డాక్టర్లు జాగ్రత్త పడేది అందుకే. మాయ ఊడిన చోటే బిగుసుకునే శక్తి తక్కువ.

లో లైయింగ్ వేరు, ప్రీవియా వేరు

ఇంటర్నల్ ఆస్ అంటే గర్భసంచి ముఖద్వారానికి లోపలి వైపు మూతి. బిడ్డ బయటికి రావాల్సిన దారి అది. మాయ ఆ మూతి మీదికి వచ్చి కప్పేస్తే ప్లాసెంటా ప్రీవియా. కప్పకుండా, అంచు 20 మిల్లీమీటర్ల లోపు దూరంలో ఆగితే లో లైయింగ్. అంతకంటే దూరంగా ఉంటే మామూలే. మా చెల్లిది 12 మిల్లీమీటర్లు కాబట్టి లో లైయింగ్, ప్రీవియా కాదు. ఆ రోజు వాళ్ల ఫ్యామిలీ గ్రూపులో మాత్రం ప్రీవియా గురించి మూడు వీడియోలు తిరిగాయి.

దూరంతో పాటు చూడాల్సింది, చాలామంది చూడనిది, ఎన్నో వారం అన్నది. 20 వారాలప్పుడు మాయ కిందికి ఉన్నవాళ్లలో పది మందిలో తొమ్మిది మందికి చివరి నెలల నాటికి అది పైకి వెళ్లిపోతుంది. మాయ నడిచి వెళ్లదు. గర్భసంచి కింది భాగం పొడవు 20 వారాలప్పుడు అర సెంటీమీటరు ఉంటుంది, నెలలు నిండేసరికి అయిదు సెంటీమీటర్లు దాటుతుంది. ఊదని బుడగ మూతి దగ్గర ఒక స్టిక్కర్ బొట్టు అంటించి ఊదండి. బొట్టు అంటించిన చోటే ఉంటుంది. మూతి నుంచి మాత్రం దూరమైపోతుంది. అందుకే అయిదో నెలలో కనబడిన లో లైయింగ్‌ను చూసి కాన్పు ఎలా జరుగుతుందో ఎవరూ తేల్చరు. 32 వారాల దగ్గర మళ్లీ చూస్తారు, ఇంకా తేలకపోతే 36 దగ్గర మరోసారి.

ఆ పదో మనిషి ఎవరు? మూతిని పూర్తిగా కప్పేసినవాళ్లు, పాత సిజేరియన్ కుట్టు ఉన్నవాళ్లు, మాయ వెనక గోడకు ఉన్నవాళ్లకు పైకి వెళ్లే అవకాశం కాస్త తక్కువ. పోస్టీరియర్ అంటే వెనక గోడ, యాంటీరియర్ అంటే ముందు గోడ. అంతకుమించి ఆ మాటల్లో ఏమీ లేదు. యాంటీరియర్ అయితే బిడ్డ తన్నులకు మధ్యలో దిండు పెట్టినట్టు ఉంటుంది కాబట్టి అవి కొంచెం ఆలస్యంగా తెలుస్తాయి. ముందుంటే ఆడపిల్ల, వెనకుంటే మగపిల్లాడు అని లెక్కలు కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రతి స్కాన్ సెంటర్ గోడ మీదా లింగ నిర్ధారణ నేరమని 1994 నాటి చట్టం బోర్డు ఉంటుంది. దాని కిందే కూర్చుని ఈ లెక్క వేస్తుంటారు.

కొలతలో తేడా రావడానికి ఇంకో కారణం మన వాటర్ బాటిల్. "బాగా నీళ్లు తాగి రండి" అంటే లీటరున్నర తాగి కూర్చుంటాం. మూత్రాశయం మరీ నిండితే గర్భసంచి కింది భాగాన్ని ముందు నుంచి నొక్కుతుంది, రెండు గోడలు దగ్గరికొచ్చి, మాయ మూతి మీదే ఉన్నట్టు కనబడవచ్చు. మాయ వెనక గోడకు ఉంటే పొట్ట మీది స్కాన్‌లో బిడ్డ తల అడ్డొస్తుంది. అనుమానం ఉన్నప్పుడు లోపలి నుంచి చేసే ట్రాన్స్‌వజైనల్ స్కాన్ దూరాన్ని కచ్చితంగా చెబుతుంది. మాయ కిందికి ఉంటే లోపలి స్కాన్ ప్రమాదమని చాలామంది వద్దంటారు. ఆ ప్రోబ్ గర్భాశయ మూతి లోపలికి వెళ్లదు, కాస్త ఇవతలే ఆగుతుంది. కాబట్టి సురక్షితమే. మాయ ఎక్కడుందో తెలియకుండా వేలితో లోపల పరీక్షించడమే డాక్టర్లు మానుకునేది.

చివరిదాకా ప్రీవియాగానే మిగిలితే, మాయ దారికి అడ్డం కాబట్టి సిజేరియన్ తప్పదు. బ్లీడింగ్ లాంటివి లేకుండా సాఫీగా సాగితే 36, 37 వారాల మధ్య చేస్తారు. నెలలు నిండే నాటికి ఇలా మిగిలేది సుమారు 200 మందిలో ఒకరికి. దీని గుర్తు నొప్పి లేని బ్లీడింగ్. చివరి మూడు నెలల్లో, ఏ కారణమూ లేకుండా, ఒక్కోసారి నిద్రలో, ఎర్రటి రక్తం వస్తుంది. మొదటిసారి తనంతట తానే ఆగిపోవచ్చు కూడా. ఆగిందని ఇంట్లో ఉండిపోవడంలోనే ప్రమాదం, ఎందుకంటే రెండోసారి ఎంత పోతుందో మొదటిసారి చెప్పదు.

బెడ్ రెస్ట్ గురించి, మిల్లీమీటర్ల గురించి వాదనలు

అత్తగారి ప్రశ్న తీసిపారేసేది కాదు. మన దగ్గర మాయ కిందికి ఉందనగానే మంచం దిగొద్దనడం ఇంకా మామూలే. అయితే పడుకోవడం వల్ల మాయ పైకి వెళ్లదు. బ్లీడింగ్ తగ్గుతుందనడానికీ గట్టి ఆధారాలు లేవు. వారాల తరబడి కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, గర్భిణుల్లో అది ముందే ఎక్కువ. మరి కొందరు డాక్టర్లు ఎందుకు చెబుతారు? వాళ్ల లెక్క వేరు. పేషెంటు ఇల్లు ఎక్కడో 40 కిలోమీటర్ల అవతల ఉండి, రాత్రిపూట కారు దొరకని చోట, ఇంటిపని ఎవరూ పంచుకోని ఇంట్లో ఉంటే, "రెస్ట్" అని చీటీ మీద రాయడమే ఆమెకు దొరికే ఒక్క రక్షణ. నన్నడిగితే అలాంటి ఇళ్లలో ఆ చీటీ మందు కాదు, ఆమె తరఫున రాసిన సిఫారసు ఉత్తరం. ఇక ప్రీవియా ఉన్నవాళ్లను, ముఖ్యంగా బ్లీడింగ్ అయినవాళ్లను, కలయిక వద్దనడం వేరే సంగతి. దాన్నీ బెడ్ రెస్ట్‌నూ కలిపేయకూడదు.

రెండో వాదన డాక్టర్ల మధ్యే ఉంది. చివరి స్కాన్‌లో దూరం 11 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే నార్మల్ కాన్పుకు ప్రయత్నించవచ్చని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. వీళ్లలో చాలామందికి మామూలుగానే కాన్పు అవుతోంది. 10 లోపు ఉంటే అభిప్రాయాలు చీలుతాయి. కొందరు నేరుగా సిజేరియన్ అంటారు. కొందరు రక్తం, థియేటర్, అనస్థీషియా డాక్టర్ రాత్రీపగలూ సిద్ధంగా ఉంటే ప్రయత్నిద్దాం అంటారు. అదే 9 మిల్లీమీటర్లకు 20 పడకల నర్సింగ్ హోమ్‌లో ఒక సలహా, పెద్ద ఆసుపత్రిలో ఇంకో సలహా రావచ్చు. రెండూ నిజాయితీ సలహాలే కావచ్చు.

గోడలో రావి మొక్క: కుట్టు మీద పెరిగిన మాయ

పాతబస్తీలో పాత మేడల గోడల్లో రావి మొక్కలు మొలవడం చూసే ఉంటారు. కుండీలో మొక్కను లాగితే మట్టిబెడ్డతో సహా చేతికొస్తుంది. గోడలో రావిని లాగితే పెచ్చులూడతాయి, వేరు లోపలే ఉంటుంది. మరీ లాగితే గోడే కదులుతుంది.

మామూలుగా మాయకూ గర్భసంచి కండరానికీ మధ్య ఒక మెత్తటి పొర ఉంటుంది. కాన్పయ్యాక మాయ ఆ పొర దగ్గర విడిపోతుంది. పాత సిజేరియన్ కుట్టు మానిన చోట ఆ పొర సరిగ్గా ఉండదు. మాయ సరిగ్గా అక్కడే అంటుకుంటే నేరుగా కండరాన్ని పట్టుకుంటుంది. దీన్ని అక్రీటా అంటారు. కండరంలోకి దిగితే ఇంక్రీటా. కండరాన్ని దాటి బయటి పొరదాకా, ఒక్కోసారి పక్కనున్న మూత్రాశయం దాకా వెళితే పర్‌క్రీటా. దాన్ని చేత్తో ఊడదీయబోతే, పైన చెప్పిన నిమిషానికి అరలీటరు లెక్క మొదలవుతుంది.

ఇది ఎవరికి వస్తుందనేది అంకెల్లో చూడాలి, ఎందుకంటే ఇక్కడే అనవసర భయమూ, అవసరమైనంత భయం లేకపోవడమూ రెండూ ఉన్నాయి. అమెరికాలో సిజేరియన్ అయిన 30 వేలమందికి పైగా స్త్రీలను గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనాన్ని ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. ప్రీవియా ఉన్నవాళ్లలో అక్రీటా ఉన్నది, అప్పుడు చేస్తున్నది మొదటి సిజేరియన్ అయితే 3 శాతం మందికి. రెండోదైతే 11 శాతం, మూడోదైతే 40, నాలుగోదైతే 61. ఈ అంకెలు ప్రీవియా ఉన్నవాళ్లవి మాత్రమే. మాయ పైన ఉంటే, రెండో సిజేరియన్‌లో ఇది వెయ్యికి ఇద్దరికి.

లెక్క వేసి చూద్దాం. ఒక సిజేరియన్ అయి మళ్లీ గర్భంతో ఉన్నవాళ్లు వెయ్యిమంది ఉన్నారనుకోండి. వాళ్లలో ప్రీవియా మిగిలేది సుమారు పది మందికి. ఆ పదిలో అక్రీటా ఒకరికి. మిగతా 990 మంది "పాత కుట్టు ఉంది" అని నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ రెండు సిజేరియన్లు అయి, మూడో గర్భంలో 28 వారాలప్పుడు ముందు గోడ మీది మాయ మూతిని కప్పేసి ఉంటే, ఆమెకు ఇది అయిదింట రెండు వంతుల అవకాశం. మా చెల్లి రిపోర్టులోనూ ఈమె రిపోర్టులోనూ "మాయ కిందికి ఉంది" అనే మాటే. రెండింటికీ పోలికే లేదు.

అనుమానం ఉన్నప్పుడు స్కాన్‌లో మాయ లోపల నల్లటి గుంటలు, కుట్టు దగ్గర పల్చబడిన కండరం, మూత్రాశయం వైపు పెరిగిన రక్తనాళాలు వెతుకుతారు. ఎం.ఆర్.ఐ. అందరికీ అక్కర్లేదు. మాయ వెనక గోడకు ఉండి స్కాన్‌కు దొరకనప్పుడు అది పనికొస్తుంది. ముందే తెలిస్తే 34 నుంచి 36 వారాల మధ్య, నొప్పులు రాకముందే, తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేస్తారు. రక్తనిధి, ఐసీయూ, నెలలు నిండని బిడ్డను చూసే విభాగం, అవసరమైతే యూరాలజిస్టు అందుబాటులో ఉండాలి. హైదరాబాద్‌లోని పేట్లబుర్జు, సుల్తాన్ బజార్, గాంధీ ప్రభుత్వ ఆసుపత్రులకు జిల్లాల నుంచి రెఫర్ చేసే కేసుల్లో అక్రీటా కేసులు ఉండేది అందుకే. నిలోఫర్ అంటే పిల్లల ఆసుపత్రే అనుకుంటారు గానీ అక్కడా ప్రసూతి విభాగం ఉంది.

ఆపరేషన్ ఎలా చేయాలన్న దానిలో ఏకాభిప్రాయం లేదు. ఎక్కువచోట్ల బిడ్డను తీసి, మాయను ముట్టుకోకుండా గర్భసంచితో సహా తొలగిస్తారు. ప్రాణానికి భరోసా ఎక్కువ, కానీ ఇక పిల్లలు పుట్టరు. ఫ్రాన్స్‌లో కొన్ని బృందాలు ఇంకో దారి పట్టాయి: మాయను లోపలే వదిలేసి, నెలల తరబడి కరిగిపోయేదాకా వేచి చూడటం. మొదటిరోజు రక్తం తక్కువ పోవచ్చు, గర్భసంచి మిగలవచ్చు. అయితే ఇన్ఫెక్షన్, వారాల తర్వాత హఠాత్తుగా బ్లీడింగ్ అయ్యే ముప్పు వెంటే ఉంటాయి, ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నంత దగ్గరగా ఉండాలి. చిన్న ముక్కే పట్టుకుని ఉంటే ఆ భాగం మాత్రం కోసి కుట్టేసే పద్ధతీ ఉంది.

60.7 శాతం ఏం చెబుతోంది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. దేశ సగటు 21.5. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ప్రైవేటును మాత్రమే తిట్టేవాళ్లు రెండో అంకెను కూడా చూడాలి.

డాక్టర్లు తమ వాదన చెబుతారు: నొప్పులు భరించలేమని కుటుంబాలే అడుగుతున్నాయి, ఏదైనా తేడా వస్తే కేసులు, గొడవలు, మొదటిది సిజేరియన్ అయితే రెండోది దాదాపు సిజేరియనే. ప్రజారోగ్యం వాళ్లు అనేది ఇంత ఎక్కువ శాతం వైద్య అవసరంతో వచ్చినది కాదని. రెంటిలోనూ నిజముంది. ముహూర్తం చూసుకుని కాన్పు చేయించుకోవడం మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. పంతులుగారు నక్షత్రం చూస్తారు, పాదం చూస్తారు. ఆ కుట్టు మీద రెండో బిడ్డ మాయ అంటుకునే యోగం ఏ పంచాంగంలోనూ ఉండదు. అదే సమయంలో, ప్రీవియా ఉన్న తల్లిని బతికించేది సిజేరియనే అన్నదీ మరవకూడదు.

నొప్పితో వచ్చేది: మాయ ముందే విడిపోవడం

ప్రీవియాకు పూర్తిగా తిరగేసినట్టుంటుంది అబ్రప్షన్. మాయ సరైన చోటే ఉంటుంది కానీ బిడ్డ పుట్టకముందే గోడ నుంచి విడిపోతుంది. దాదాపు నూటికి ఒకరికి, కొన్ని లెక్కల్లో ఇంకా తక్కువమందికి. కడుపు లేదా నడుము నొప్పి వదలదు, పొట్ట రాయిలా గట్టిపడుతుంది, వచ్చే రక్తం ముదురు రంగులో ఉంటుంది. ఒక్కోసారి రక్తమంతా మాయ వెనకే నిలిచిపోయి బయటికి చుక్క కూడా రాదు. బయట కనబడిన రక్తాన్ని బట్టి లోపలి పరిస్థితిని అంచనా వేస్తే మోసపోయేది ఇక్కడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 35 వారాలు, బీపీ 160 దాటింది, రాత్రి నుంచి పొట్ట బిగుసుకునే ఉంది, కొద్దిగా మరక. స్కాన్ చేస్తే మాయ బాగానే ఉందని వచ్చింది. ఇంటికి వెళ్లొచ్చా? వెళ్లకూడదు. అబ్రప్షన్ కేసుల్లో కనీసం సగం స్కాన్‌కు దొరకవు, ఎందుకంటే తాజా రక్తపు గడ్డ కూడా మాయలాగే కనబడుతుంది. ప్రీవియా ఉందో లేదో చెప్పడంలో స్కాన్ దిట్ట. అబ్రప్షన్ లేదని చెప్పడంలో కాదు. అక్కడ లక్షణాలు, బిడ్డ గుండె చప్పుడు చూసే సీటీజీ, రక్తపరీక్షలే ఆధారం.

దీనికి కారణాల్లో ముందుండేది బీపీ. గతంలో అబ్రప్షన్ అయి ఉండటం, పొగతాగడం, పొట్టకు గట్టి దెబ్బ కూడా ఉన్నాయి. మన గుంతల రోడ్ల మీద ఆటో ఎక్కాలంటే భయపడే గర్భిణులు చాలామంది. కుదుపు వేరు, దెబ్బ వేరు. బండి మీంచి పడినా, యాక్సిడెంట్ అయినా పైకి ఏమీ కనబడకపోయినా కొన్ని గంటలు ఆసుపత్రిలో గమనించేది ఈ అనుమానంతోనే.

పని తగ్గిన మాయ, దిగిరాని మాయ

చోటు సరైనదే, పట్టూ సరైనదే, కానీ సరఫరా తగ్గింది. దీన్ని ప్లాసెంటల్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. బిడ్డ ఎదుగుదల వెనకబడుతుంది. గ్రోత్ స్కాన్‌లో బరువు అంచనా, డాప్లర్‌లో బొడ్డుతాటి రక్తప్రవాహం చూసి ఎప్పటిదాకా ఆగవచ్చో నిర్ణయిస్తారు. బీపీ ముప్పు ఉన్నవాళ్లకు మూడో నెల చివర్లో తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టేది మాయ పాదుకునే దశలోనే సాయం చేయాలని.

మాయ పడేదాకా కాన్పు అయినట్టు కాదని పెద్దవాళ్లు అనడంలో అర్థముంది. బిడ్డ పుట్టిన అరగంటకూ మాయ రాకపోతే డాక్టర్లు చేత్తో తీయాల్సి రావచ్చు. అది లోపలుంటే గర్భసంచి పూర్తిగా బిగుసుకోలేదు.

మళ్లీ ఆ లైను దగ్గరికి

32 వారాలకు మా చెల్లి మళ్లీ స్కాన్‌కు వెళ్లింది. అంచు 34 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, లో లైయింగ్ అన్న మాట లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారనుకున్నాను. సాయంత్రం పిన్ని ఫోన్. "అప్పుడు గ్రేడ్ 1 ఉండేనట, ఇప్పుడు గ్రేడ్ 2 అని రాశారే. ముదిరిందా?"

తప్పు పిన్నిది కాదు. ఒకప్పుడు ప్రీవియాకు కూడా 1 నుంచి 4 దాకా గ్రేడ్లు ఉండేవి. కొందరు డాక్టర్లు ఇప్పటికీ ఆ భాషే వాడతారు. రిపోర్టులో ఉన్న గ్రేడ్ అది కాదు. మాయ వయసుతో పాటు దానిలో కాల్షియం మచ్చలు ఎంత చేరాయో చెప్పే 0 నుంచి 3 దాకా కొలత. ఎనిమిదో నెలలో 2 ఉండటం మామూలే. మరీ ముందుగా 3 కనబడితే, అదీ బీపీ ఉన్నవాళ్లలో, బిడ్డ ఎదుగుదల ఎలా ఉందో ఒకసారి చూస్తారు.

"ముదిరిందనే పిన్నీ, కానీ జబ్బు ముదిరినట్టు కాదు" అన్నాను.

పిన్ని కాసేపు ఆలోచించింది. "ఓహో, మామిడికాయకు టెంక పట్టినట్టా" అంది.